ఫాదర్ గారి పొయ్యి ఎవరిది

ఎర్రకుంటపల్లె, చొప్పదండి దగ్గర
12 జూన్ 2024

తమ్ముడు సీమోనుకు, మరదలు లిడియాకు అక్క సంతోషమ్మ దీవెనలు.

ఒంట్లో బాగానే ఉంది. కోపంతో ఉన్నాను. ఇది చదివి ఫోన్ చేయకు. చెవిలో మిషన్ పెట్టుకున్నా నీ మాట నాకు బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. నువ్వేమో రెండు మాటలకే విసుక్కుని ఫోన్ లిడియాకు ఇస్తావు. కాగితం మీద అయితే నేను చెప్పేది చివరిదాకా వింటావు.

మా చర్చి విచారణకు కొత్త ఫాదర్ వచ్చాడు. పేరు కరుణాకర్. నలభై ఏళ్లు కూడా ఉండవు. బెన్నీ ఫాదర్ బదిలీ అయి వెళ్లిన మూడో రోజు మోటారు సైకిలు మీద దిగాడు. వెనక ఒక బ్యాగు, దాని మీద తాడుతో కట్టిన కుక్కరు. ఆ కుక్కరు చూడగానే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

మీ బావ చనిపోయిన ఏడాది నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా, ఫాదర్ గారింట్లో వంట నాదే కదా. ఐదుగురు ఫాదర్లకు వండిపెట్టాను. ఒకాయనకు షుగరు, ఒకాయనకు కారం పడదు, ఒకాయన శుక్రవారం మాంసం ముట్టడు గానీ గురువారమే రెండు రోజులది తినేవాడు. కొత్త ఫాదర్ ఎవరొచ్చినా ఈ ఊళ్లో మొదటి ముద్ద నా చేతిది. ఇది ఇక్కడి రివాజు.

పొద్దుటి నుంచి నిలబడి బగారన్నం, నాటుకోడి కూర, పచ్చిపులుసు చేసి బల్ల మీద పెట్టాను. ఆయన వచ్చి చూశాడు. గిన్నె మూత కూడా తీయలేదు. బ్యాగులోంచి బ్రెడ్ తీసుకుని తిన్నాడు. ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. చర్చి ఊడ్చే లింగవ్వ పక్కనే ఉంది కాబట్టి నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "రేపటి సంది నువ్వు వండొద్దంటుండు అక్కా! నీ చేతి కూడు తినడట!"

మరునాడు వెళితే వంటింటికి తాళం ఉంది. నా కొంగుకున్న తాళంచెవి దానికి పట్టలేదు. కొత్త తాళం కొనుక్కొచ్చి మరీ వేశాడు, తమ్ముడూ! లింగవ్వ ముందు, గడ్డి కోసుకుపోయే ఆడవాళ్ల ముందు, ఆ తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. నా చేతి కూడు ఎందుకు తినడో నేను విడమరచి రాయక్కర్లేదు. నువ్వూ నేనూ ఒక్క ఇంట్లోనే పుట్టాం.

ఇక్కడ ఇంకా వాన పడలేదు. చెవుడు సర్టిఫికెట్ అర్జీ కోసం నువ్వు అడిగిన రెండు తెల్ల కాగితాలు కింద సంతకం పెట్టి ఇందులోనే పంపుతున్నాను. పైన నువ్వే రాసుకో. నీ రాత ఆఫీసుల వాళ్లకు నచ్చుతుంది.

అక్క సంతోషమ్మ


కొత్తబావి, హుస్నాబాద్ దగ్గర
19 జూన్ 2024

పూజ్యురాలైన అక్కకు తమ్ముడు సీమోను వందనములు చేసి వ్రాయునది.

నీ ఉత్తరం చదివి నా రక్తం ఉడికిపోయింది. లిడియాకు చదివి వినిపిస్తే ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. ముట్టమని నేనూ అనలేదు.

అక్కా, నేను పదిహేడేళ్లుగా ఈ ఊరికి ఉపదేశిని. ఫాదర్ రాని ఆదివారాలు ప్రార్థన నడిపేది, పిల్లలకు జపాలు నేర్పేది, చావుకు ముందుగా పోయి నిలబడేది నేను. నీకు వంటింట్లోంచి కనిపించే ఫాదర్లు వేరు, నాకు కనిపించే ఫాదర్లు వేరు. మన వాడకు వచ్చి, గడప దాటకుండా దీవించి, "ఇప్పుడే తాగిన, వద్దు వద్దు" అని మంచినీళ్ల గ్లాసు వైపు చూడకుండా పోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల ముఖంలో ఒక నవ్వు ఉంటుంది. ఆ నవ్వు చూస్తే నాకు చెంబు తీసి విసరాలనిపిస్తుంది. ఉపదేశిని కాబట్టి విసరలేదు, అంతే.

ఈయనది ఏ ఊరు? ఇంటి పేరేమిటి? ఎవరి పిల్లగాడు? కనుక్కుని రాయి. నువ్వు మాత్రం ఆయనతో ఏమీ అనకు. నీ నోరు నాకు తెలుసు, నాలుగు మాటలంటే తప్పు నీ మీదికే వస్తుంది. ఈ సంగతి నాకు వదిలెయ్. నేనున్నాను కదా!

పత్తి గింజలు పొడి నేలలోనే పెట్టేశాం. వాన కోసం చూస్తున్నాం. లిడియా మోకాలు నొప్పి అట్లాగే ఉంది.

నీ తమ్ముడు
సీమోను, ఉపదేశి


ఎర్రకుంటపల్లె
4 జూలై 2024

తమ్ముడికి,

నువ్వు అడిగినవన్నీ తెలిశాయి. అడగనివి కూడా తెలిశాయి. కూర్చుని నెమ్మదిగా చదువు.

మొన్న ఆదివారం పూజ అయ్యాక వెనక తలుపు తెరిచి ఉంటే వంటింట్లోకి పోయాను. నీ మాట వినలేదు. ఆయన పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. అన్నం అడుగంటి పొగ లేస్తోంది. నేను ఇన్నేళ్లు సబ్బు తగలనివ్వని ఇనుప మూకుడు నిండా సబ్బు నురగ! నా ఒళ్లు మండిపోయింది.

"నా చేతికి ఏమంటుకున్నదని తినరు ఫాదర్? ఏం జేసిన నేను?" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు, బయట కట్టేసిన లింగవ్వ మేక మాత్రం తాడు తెంపుకుంది.

అందరిలా ఆయన నా చెవిలో అరవలేదు. గోడకున్న క్యాలెండర్ లోంచి జూన్ నెల చింపి, వెనక రాసి ఇచ్చాడు. నాకు చెవులు లేవు గానీ చదువు ఉందని ఈయనకు నెల రోజుల్లో తెలిసింది. బెన్నీ ఫాదర్‌కు ఎనిమిదేళ్లలో తెలియలేదు. మెచ్చుకుంటూ రాయడం లేదు, ఉన్నది రాస్తున్నాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను.

"నన్ను కన్న మా అవ్వ కూడా ఫాదర్ల ఇంట్ల వంట జేసింది. ములుగు దిక్కు. వాళ్లు తిన్నంక మిగిలింది తీసుకొని ఎనక మెట్టు మీద కూసొని తినేది. నేను గురువునై మొదటిసారి ఆ ఇంటికి పోతే నాకు బల్ల మీద వడ్డించి తను పోయి మెట్టు మీద కూసున్నది. చెయ్యి పట్టి పిలిచినా రాలే. పోయిన ఏడు సచ్చిపోయింది. నా కోసం ఇంకో అవ్వ పొయ్యి కాడ నిలబడొద్దని ఒట్టు వెట్టుకున్న. మీరు ఇంట్ల ఆరాంగ ఉండుండ్రి. మీకేం తక్కువ గానియ్య."

మనవాళ్ల పిల్లగాడే, సీమోనూ. ఇంటి పేరు కూడా చెప్పాడు, అమ్మమ్మ వాళ్ల వైపు దూరపు చుట్టమే అవుతాడేమో. వండొద్దన్నాడు తప్ప నా చేతి కూడు తిననని అనలేదు. ఆ మాట లింగవ్వ తనంతట తాను కలిపింది. నేనూ నువ్వూ అనుకున్నది అబద్ధం.

అక్కడే నిలబడి ఏడ్చాను. ఎందుకో తెలుసా? ఇరవై రెండేళ్లుగా నేనూ అక్కడే, వెనక గడప మీదే తింటున్నాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని నాకే తోచలేదు.

ఆ పూటంతా ఆయన మీద జాలిపడ్డాను. తెల్లారేసరికి మళ్లీ కోపం వచ్చింది, ఈసారి ముందుకంటే ఎక్కువ. ఒట్టు ఆయనది, అమ్మ ఆయనది. నా పొయ్యి ఎందుకు ఆరాలి? నన్ను ఒక్క మాట అడిగాడా? ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎంతమంది? అందరికీ నేను ఫాదరింటి అమ్మనే. చెవులు పోయినప్పుడు చేతులున్నాయి కదా అని ధైర్యం చెప్పుకున్నాను. ఇప్పుడు దయ పేరుతో ఆ చేతులు కూడా వద్దంటే నేనేం చేయాలి, గోడకు చూస్తూ కూర్చోవాలా? తాళం ఇంకా తీయలేదు. నా వంటిల్లు నాకు కావాలి. అది నేనే అడిగి తీసుకుంటాను.

ఇది నాకూ ఆయనకూ మధ్య గొడవ. నువ్వు ఏమీ చేయకు. పోస్టు గోపాల్ సోమవారం గానీ రాడు, అందాక ఈ ఉత్తరం నా దగ్గరే ఉంటుంది.

సంతోషమ్మ


కొత్తబావి
6 జూలై 2024

అక్కకు,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. నీ మనసు ఎంత విరిగిందో అర్థమైంది. విరిగిన మనిషిని ఇంకా అడగడం ఎందుకని, చేయాల్సింది నేనే చేశాను.

బిషప్ గారి ఆఫీసుకు అర్జీ వెళ్లిపోయింది. నిన్ననే రిజిస్టర్ పోస్టు చేశాను. నువ్వు చూస్తే మెచ్చుకుంటావు, మూడుసార్లు చిత్తు రాసి నాలుగోసారి సాపు రాశాను. మచ్చుకు రెండు వాక్యాలు: "ఇరవై రెండు సంవత్సరములుగా గురువులకు అన్నము పెట్టిన వితంతువునైన నన్ను, నా కులమును చూసి, నా చేతి భోజనము ముట్టక, సంఘస్థుల ఎదుట ఘోరముగా అవమానించినారు. ఇట్టి గురువు మా విచారణలో ఉండుట మాకు సమ్మతము కాదని కన్నీటితో మనవి చేసుకొనుచున్నాను."

నీ సంతకం ఉన్న కాగితం మీదే రాశాను. నా పేరుతో పంపితే ఉపదేశి రాజకీయం చేస్తున్నాడంటారు. నీ పేరుకు ఆ మచ్చ లేదు.

ఇక నిశ్చింతగా ఉండు. వాన పడింది, దేవునికి స్తోత్రం. పత్తి మొలిచింది.

నీ తమ్ముడు
సీమోను


ఎర్రకుంటపల్లె
15 జూలై 2024

సీమోనూ,

దీవెనలు పైన రాయలేదు. చేయి రాలేదు.

నా సంతకం మీద ఏం రాశావురా! చెవుడు సర్టిఫికెట్ కోసం ఇచ్చిన కాగితం మీద, నేను అనని మాట, నాకు తెలియని కన్నీళ్లు పెట్టి పంపుతావా? నేను ఎప్పుడు కన్నీటితో మనవి చేసుకున్నాను? నేను ఏడ్చింది ఒక్కసారి, అది నీకు రాసిన ఉత్తరంలోనే ఉంది. ఆ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి నువ్వు రిజిస్టర్ పోస్టు కూడా చేసేశావు.

జవాబు రాకపోతే మనసు విరిగిందని అనుకున్నావా? పోస్టు రాలేదని అనుకోవచ్చు కదా. కీళ్లు పట్టేసి రాయలేదనుకోవచ్చు. అక్క ఇంకా ఆలోచిస్తోందని అనుకోవచ్చు. లేదు, నీకు వెంటనే నా కన్నీళ్లే కనిపించాయి.

కరుణాకర్ ఫాదర్ తన అమ్మ పేరు చెప్పి నా వంటిల్లు తీసుకున్నాడు. నువ్వు నా పేరు పెట్టి నా నోరు తీసుకున్నావు. ఇద్దరూ నా మంచికేనట! ఇద్దరిలో ఒక్కడు కూడా, "సంతోషమ్మా, నీకేం కావాలె?" అని అడగలేదు. ఆయనైనా పరాయివాడు. నిన్ను నేను చంకనేసుకుని పెంచాను.

అర్జీ అక్కడికి చేరింది. శనివారం ఫోన్ వచ్చిందట. ఆయన ముఖం చూస్తే తెలిసింది. నన్ను చూసి తల దించుకుని పోయాడు. ఆ కులం మాట నేనే రాశాననుకున్నాడు, తన అమ్మ సంగతి రాసి నా చేతిలో పెట్టిన మనిషి! ఆ చూపు నేను భరించలేకపోయాను. నా మీద ఎవరు కోపపడినా పడతాను, చేయనిదానికి తల దించుకోవడం నాకు రాదు.

ఆగస్టులో విచారించడానికి ఒక పెద్ద ఫాదర్ వస్తారట. మిగిలిన ఆ రెండో తెల్ల కాగితం వెంటనే తిప్పి పంపు. సర్టిఫికెట్ వద్దు, ఏమీ వద్దు.

సంతోషమ్మ


కొత్తబావి
24 జూలై 2024

అక్కకు,

రెండో కాగితం ఇందులో ఉంది. ముట్టలేదు, మడత కూడా నువ్వు పెట్టినదే.

నువ్వు తిట్టినవన్నీ చదివాను. లిడియాకు చదవలేదు, ఆమే తీసుకుని చదివింది. చదివి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. సరే, తప్పే. నీ ఉత్తరం కోసం ఆగాల్సింది. కానీ నేను నీ చెడు కోరి రాశానా? నువ్వే రాశావు, ఎందుకు తినడో విడమరచి రాయక్కర్లేదని. నేను విడమరిచాను. నువ్వు వేసిన దారిలోనే నడిచాను.

ఒక సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకు. మీ ఊరి చర్చి కట్టేటప్పుడు మన బాపే గుట్ట మీది నుంచి రాళ్లు మోశాడు. నువ్వూ చూశావు. ప్రతిష్ఠ పండుగ రోజు తెల్ల ధోతి కట్టుకుని ముందుకు పోయి కూర్చుంటే ఒకాయన వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "రాజయ్యా, జర ఎనుకకు జరుగు" అన్నాడు. బాపు నవ్వుకుంటూ లేచి వెనక్కి పోయాడు. నాకు తొమ్మిదేళ్లు. నేను ఆ నవ్వును ఇప్పటికీ మింగలేదు. నీ గిన్నె మూత తీయలేదని చదవగానే నాకు నువ్వు కనిపించలేదు, బాపు కనిపించాడు. ఆ అర్జీ నీ కోసం రాశానో బాపు కోసం రాశానో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

ఇప్పుడు ఒక్కటే అడుగుతాను. పెద్ద ఫాదర్ వచ్చినప్పుడు సంతకం నాదే అని ఊరుకో. ఎట్లాగూ ఈయన పోతాడు, కొత్తాయన వస్తాడు, నీ వంటిల్లు నీకు దక్కుతుంది. రాసింది నేనని తెలిస్తే నా ఉపదేశి పని పోతుంది. అది పోతే ఈ ఊళ్లో నేను ఎవరిని, అక్కా?

సీమోను


ఎర్రకుంటపల్లె
18 ఆగస్టు 2024

తమ్ముడు సీమోనుకు,

పెద్ద ఫాదర్ పదో తేదీన వచ్చారు. తెల్ల జుట్టు, మెత్తటి మనిషి. నన్ను ఫాదర్ గారి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి అర్జీ చేతికిచ్చి చదవమన్నారు. నీ చేతిరాత, కింద నా సంతకం. కరుణాకర్ ఫాదర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. తన గురించి ఒక్క మాట చెప్పుకోలేదు. అది చూసి కూడా నాకు కోపమే వచ్చింది. నోరున్నవాడు నోరు మూసుకుంటే ఆ బరువు నా మీదే కదా పడేది!

పెద్దాయన మెల్లగా, పెదవులు కనిపించేటట్టు అన్నారు. "అమ్మా, ఈ కాయితంల ఉన్నది నిజమేనని ఒక్క మాట చెప్పు. ఈయనను వేరే దిక్కు పంపుతం. నీ వంటిల్లు నీకే ఉంటది."

ఒక్క మాట అంటే చాలు. నోటితో అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు, తల ఊపితే సరిపోయేది. నువ్వు అడిగింది జరిగేది, నేను కోరింది దొరికేది. నిజం చెబుతున్నాను, నా తల కొంచెం కదిలింది కూడా. అంతలో ఆ కాగితంలో "కన్నీటితో" అన్న మాట కనబడింది. నాకు మళ్లీ మండింది.

"సంతకం నాదే. రాత నాది గాదు" అన్నాను.

"ఎవలది?"

"మా తమ్మునిది. సీమోను. హుస్నాబాద్ దిక్కు ఉపదేశి. నేను వేరే పనికి ఇచ్చిన కాగితం మీద రాసిండు. కులం మాట అబద్ధం. ఈ ఫాదర్ మావోడే."

నీ పేరు చెప్పాను, సీమోనూ. నీ కోసం బతిమాలలేదు. ఆయన రాసుకున్నారు. నీ ఉపదేశి పని ఉంటుందో పోతుందో నాకు తెలియదు. పోతే ఊళ్లో నువ్వెవరివని అడిగావు కదా, అదే మాట జూన్ నుంచి నేను అడుగుతున్నాను, నీకు వినపడలేదు. బాపు కోసం రాయాలనిపిస్తే బాపు పేరు పెట్టి, ఆ వెనక్కి జరగమన్నవాడి పేరు పెట్టి, కింద నీ సంతకంతో రాయి. అప్పుడు నేనూ వచ్చి నీ పక్కన సంతకం పెడతాను. అది పెట్టాల్సిన సంతకమే.

పెద్దాయన, "అయితే అవమానం ఏం జరగలేదన్నట్టా?" అన్నారు.

"జరిగింది" అన్నాను. అప్పుడు కిటికీ వైపు తిరిగాను. ఆయనను 'మీరు' అనడం కూడా మరిచిపోయాను. "మీ అవ్వను బల్ల కాడ కూసోవెట్టలేకపోయినవ్. గదే నీ గోస, నాకు తెలుసు. దానికి నా పొయ్యి ఎందుకు ఆర్పినవ్? నేను మీ అవ్వను గాదు. నాకు వంట శిక్ష గాదు. ఎనుక గడప మీద తినుడు శిక్ష. నువ్వు శిక్ష ఉంచి వంట తీసేసినవ్. ఇంటికాడ ఒక్కదాన్నే కూసొని తింటే అది గడప గాదా?"

పెద్దాయన పెన్ను మూత పెట్టేశారు. కరుణాకర్ ఫాదర్ ఏడుస్తున్నాడు. నేను ఓదార్చలేదు, ఓదార్చడానికి పోలేదు నేను అక్కడికి.

ఆయన కాగితం కోసం వెతికి, దొరక్క, అర్జీ వెనకే రాశాడు. "మీకు ఏం కావాలె?"

అడగడానికి రెండు నెలలు పట్టింది. ఇన్నేళ్లలో నన్ను ఎవరైనా అడిగి ఉంటే జవాబు సిద్ధంగా ఉండేది. అయినా చెప్పాను. "తాళం తీయ్. వంట నేనే జేస్త. నువ్వు నా మూకుడు ముట్టద్దు. తినేటప్పుడు నేను కూడ బల్ల కాడనే కూసుంట. మిగిలింది గాదు, వేడిది తింట."

తాళం అప్పుడే తీశాడు. ఆయన ఇక్కడే ఉంటాడట, బదిలీ లేదు.

పదిహేనో తేదీ మరియమాత మోక్షారోపణ పండుగ కదా. పూజ అయ్యాక పుంటికూర మాంసం, జొన్నరొట్టె, పెరుగు పెట్టాను. లింగవ్వ తలుపు దగ్గర నిలబడి నోరు తెరుచుకుని చూస్తోంది. దాన్ని కూడా రమ్మన్నాను, సిగ్గుపడి పారిపోయింది. రేపు మళ్లీ పిలుస్తాను. కుర్చీలో కూర్చున్నాను గానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరో వచ్చి లేవమంటారని వీపు బిగపట్టుకునే ఉన్నాను. ఎవరూ రాలేదు.

ఆయన ఒక ముద్ద తిని నా వైపు చూసి, వేళ్లు కలిపి చూపిస్తూ అన్నాడు. "ఉప్పు జర ఎక్కువైంది అమ్మా."

ఇరవై రెండేళ్లలో నా వంటకు ఎవరూ వంక పెట్టలేదు. ఎట్లా పెడతారు? తినేటప్పుడు నేను ఎదురుగా ఉంటే కదా. నాకు ఎంత కోపం వచ్చిందంటే, "నువ్వు బొగ్గు చేసిన అన్నం కంటే మంచిగనే ఉన్నది, నోరు మూసుకొని తిను" అన్నాను. ఆయన నవ్వి ఇంకేదో అన్నాడు. నేను ఇంకేదో అన్నాను. కూర సగం అయిపోయేదాకా పోట్లాడుకున్నాం. గడప దగ్గర నిలబడి కాదు తమ్ముడూ, బల్ల దగ్గర కూర్చుని పోట్లాడాను.

నీ మీద కోపం ఇంకా తగ్గలేదు. లిడియా మోకాలికి ఆముదం వేడి చేసి పట్టించు.

నీ అక్క
సంతోషమ్మ